చర్మం కింద నొప్పి గడ్డలు: పేరు దొరకడానికి ఇంత ఆలస్యం ఎందుకు?

స్నానం చేస్తూ చేతికి సబ్బు రాసుకుంటుంటే వేలికి ఏదో తగులుతుంది. శనగగింజంత ఉంటుంది. పైన చర్మం మామూలుగానే ఉంటుంది, ఎరుపు ఉండదు, పుండు ఉండదు. నొక్కితే మాత్రం జివ్వుమంటుంది. నాలుగు రోజుల్లో అదే పోతుందిలే అనుకుంటారు. పోదు సరికదా, పక్కనే రెండోదీ మూడోదీ తగులుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు వేడి చేసిందంటారు. మందుల షాపులో ఐదు రోజుల యాంటీబయాటిక్ ఇస్తారు. వీధి చివర ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్ చేస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు మళ్లీ మొదలు. చివరికి విశాఖలో జగదాంబ దగ్గరో గాజువాకలోనో స్కాన్ తీయిస్తే 'కొవ్వు గడ్డలు, భయపడాల్సింది లేదు' అని కాగితం చేతికొస్తుంది. ఆ కాగితం బీరువాలో పెట్టాక కూడా చెయ్యి సలుపుతూనే ఉంటుంది.

విశాఖపట్నంలోనే కాదు, శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి వైద్యం కోసం ఇక్కడికి వచ్చేవాళ్లలోనూ చాలామంది నడిచే దారి ఇది. ఇందులో ఎవరో ఒకరు తప్పు చేశారని చెప్పడం కష్టం. గడ్డ ఒక జబ్బు పేరు కాదు. పదుల రకాల జబ్బులు బయటికి అదే రూపంలో కనిపిస్తాయి. వాటిని విడదీసే ఆధారాలు స్కాన్‌లో కొన్ని ఉంటే, రోగి చెప్పే మాటల్లో ఇంకొన్ని ఉంటాయి. ఆలస్యం ఎక్కువగా ఈ రెండోవాటి దగ్గరే జరుగుతోంది.

సంక్షిప్తంగా

చర్మం కింద గడ్డల్లో ఎక్కువ భాగం ప్రాణాంతకం కావు. నొప్పి పెట్టేవి మాత్రం కొన్ని ప్రత్యేకమైన రకాలు. నొప్పి ఎప్పుడు వస్తుంది, ఎలా ఉంటుంది, గడ్డ ఎంత వేగంగా వచ్చింది, శరీరంలో ఎక్కడుంది అనే నాలుగు విషయాలు చాలావరకు రకాన్ని పట్టిస్తాయి. స్కాన్, సూది పరీక్ష, ముక్క తీసి చూసే బయాప్సీ ఒక్కోటి ఒక్కో ప్రశ్నకే జవాబిస్తాయి. నొప్పి లేకుండా పెరిగే గడ్డను నొప్పి గడ్డకన్నా తక్కువగా చూడటం ప్రమాదం.

ఒక గడ్డ, మూడు ప్రశ్నలు

గడ్డతో డాక్టరు దగ్గరకు వెళ్లినవాళ్ల ముందు మూడు ప్రశ్నలుంటాయి. ఇది ఏమిటి? ప్రమాదమా? ఎందుకు నొప్పి పెడుతోంది? రోగి ఎక్కువగా మూడోది అడుగుతాడు. రద్దీగా ఉన్న ఓపీలో డాక్టరు ముందుగా తేల్చుకునేది రెండోది. క్యాన్సర్ లక్షణాలు లేవని తేలితే ఆయన దృష్టిలో పెద్ద పని అయిపోయినట్టే, అది సమంజసమే కూడా. 'ఏం లేదు' అన్న మాట అక్కడ పుడుతుంది. ఆ మాటకు ఆయన ఉద్దేశం 'ప్రమాదం లేదు' అని. రోగికి వినిపించేది 'నీకు నొప్పే లేదు' అని.

పైగా మామూలు కొవ్వు గడ్డకు, అంటే లైపోమాకు, నొప్పి ఉండదని వైద్య పుస్తకాలన్నీ చెబుతాయి. సుమారు వందమందిలో ఒకరికి ఉండే గడ్డ అది. మెత్తగా ఉంటుంది, వేలితో నెడితే చర్మం కింద జారుతుంది, ఏళ్ల తరబడి పెద్దగా మారదు. కాబట్టి స్కాన్‌లో లైపోమా అని వచ్చి, రోగి మాత్రం నొప్పి అంటుంటే రెండింటిలో ఒకటి తప్పై ఉండాలనిపిస్తుంది. నిజానికి రెండూ ఒప్పే అయ్యే సందర్భాలున్నాయి.

నొప్పి ఎక్కడి నుంచి పుడుతుంది

తెలుగులో నొప్పికి మాటలకు కొదవ లేదు. సలపరం, పోటు, మంట, తీపు, గుంజుడు, జివ్వుమనడం, సూదులతో పొడిచినట్టు ఉండటం. కేస్ షీటులోకి వెళ్లేసరికి ఇవన్నీ 'పెయిన్' అనే ఒక్క మాట అయిపోతాయి. అక్కడ పోయేది చిన్న సమాచారం కాదు, ఎందుకంటే వీటిలో ఒక్కోదాని వెనక ఒక్కో కారణం ఉంటుంది.

సలపరం ఎక్కువగా చీముకు గుర్తు. బిగువైన చోట చీము చేరేకొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా నాడి అక్కడే కొట్టుకున్నట్టు ఉంటుంది. చేతిని వేలాడదీస్తే ఎక్కువై, పైకెత్తి పెట్టుకుంటే కాస్త ఉపశమనం వస్తుంది. పైన చర్మం వేడిగా ఉంటుంది.

జివ్వుమని కరెంటు షాకులా పాకితే నరం మీద అనుమానం. నరం తొడుగు నుంచి పుట్టే ష్వానోమా అనే గడ్డను వేలితో తడితే, ఆ నరం వెళ్లే దారంతా తిమ్మిరి దిగుతుంది. ఇంకో విశేషం, ఆ గడ్డ పక్కలకు కదులుతుంది గానీ నరం పొడవునా పైకీ కిందికీ కదలదు. దండలో గుచ్చిన పూసను ఊపినట్టు ఉంటుంది. చేత్తో పరీక్షిస్తే అర నిమిషంలో తెలిసే సంగతి ఇది, స్కాన్ దాకా వెళ్లక్కర్లేదు.

చలికి పెరిగే నొప్పి మరో దారి చూపిస్తుంది. వేళ్ల చివర రక్తప్రవాహాన్ని అదుపుచేసి, శరీర వేడిని కాపాడే సూక్ష్మమైన నిర్మాణాలుంటాయి, వాటిని గ్లోమస్ బాడీలంటారు. వాటి నుంచి వచ్చే గ్లోమస్ ట్యూమర్ సాధారణంగా సెంటీమీటరు కూడా ఉండదు, ఎక్కువగా గోరు కింద దాక్కుంటుంది. పిన్నీసు మొన ఆనిస్తే ప్రాణం పోయినంత నొప్పి ఒకే ఒక్క బిందువు దగ్గర వస్తుంది, పక్కకు మిల్లీమీటరు జరిపితే ఏమీ ఉండదు. చల్లనీళ్లు తగిలితే విలవిల్లాడిపోతారు. లంబసింగిలో ఉన్నవాళ్లకు ఈ తేడా చలికాలంలో తెలిసిపోతుంది. విశాఖ నగరంలో ఏడాదంతా ఉక్కపోతే కాబట్టి, ఫ్రిజ్‌లోంచి బాటిల్ తీసినప్పుడో, ఏసీ గదిలో కూర్చున్నప్పుడో గానీ అర్థం కాదు. గోరుచుట్టు అనో నరం పట్టేసిందనో ఏళ్లు గడిచిపోవడం ఈ గడ్డ విషయంలో మామూలే. తీసేస్తే నొప్పి సాధారణంగా పూర్తిగా పోతుంది.

చలికే స్పందించే ఇంకో రకం లియోమయోమా. ఒళ్లు జలదరించినప్పుడు వెంట్రుకలు నిక్కబొడుచుకునేలా చేసే చిన్న కండరం నుంచి ఇది పుడుతుంది. కండరం కాబట్టి ముడుచుకుంటుంది, ముడుచుకున్నప్పుడల్లా నొప్పి. ఇవి గుంపుగా ఉండి, ఇంట్లో ఆడవాళ్లకు చిన్న వయసులోనే గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు వచ్చి ఉంటే ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పాలి. అరుదుగా ఈ జంట వంశపారంపర్యంగా వచ్చే ఒక జన్యులోపానికి గుర్తవుతుంది, అందులో మూత్రపిండాల క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది.

ఇక స్కాన్‌లో కొవ్వు గడ్డ అని వచ్చి కూడా నొప్పి పెట్టే రకం దగ్గరకు వద్దాం. దాని పేరు ఆంజియోలైపోమా. కొవ్వుతోపాటు సన్నని రక్తనాళాలు కూడా అల్లుకుని ఉండే గడ్డ ఇది. ఆ నాళాల్లో సూక్ష్మమైన రక్తపు గడ్డలు కూడా కనిపిస్తాయి. యువకుల్లో, ముంజేతుల మీద, ఒకటికి నాలుగు చొప్పున రావడం దీని అలవాటు. అల్ట్రాసౌండ్‌లో మామూలు లైపోమాకూ దీనికీ తేడా చాలాసార్లు తెలియదు. సైజు చిన్నది, నొక్కితే నొప్పి, ముంజేయి, పాతికేళ్ల వయసు అనే నాలుగు మాటలు కలిపి చూస్తేనే అనుమానం వస్తుంది. ఖాయం చేసేది మాత్రం తీసిన గడ్డను మైక్రోస్కోపు కింద చూసే పాథాలజిస్టే.

నెలనెలా వచ్చిపోయే నొప్పికి వేరే కథ ఉంది. సిజేరియన్ కుట్టు పక్కనే గట్టి గడ్డ ఉండి, బహిష్టు రోజుల్లో అది ఉబ్బి నొప్పెట్టి, తర్వాత తగ్గిపోతుంటే అది గర్భసంచి లోపొర కణాలు కోత దగ్గర నాటుకుపోవడం వల్ల కావచ్చు. దీన్ని స్కార్ ఎండోమెట్రియోసిస్ అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. జబ్బు అరుదైనదే అయినా, కోతలే అంత ఎక్కువగా ఉన్నచోట దీన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది. చాలామంది ఆడవాళ్లు ఈ గడ్డ చూపించడానికి సర్జన్ దగ్గరకు వెళ్తారు, నెలసరి సంగతి అక్కడ ప్రస్తావనకే రాదు. కుట్టు దగ్గర చీము అనో హెర్నియా అనో అనుకుని వైద్యం నడుస్తుంది. క్యాలెండరులో మూడు నెలలపాటు నొప్పి రోజులకు సున్నా చుట్టి చూపిస్తే సగం పని అయిపోతుంది.

వీటిలో దేనికీ లొంగని నొప్పి ఒకటుంది. ఒంట్లో కొవ్వే నొప్పెడుతుంది, గడ్డలు గడ్డలుగా, నెలల తరబడి. ఫిలడెల్ఫియా నరాల వైద్యుడు ఫ్రాన్సిస్ జేవియర్ డెర్కమ్ 1888లో మొదటిసారి వర్ణించాడు కాబట్టి దీన్ని డెర్కమ్ వ్యాధి అంటారు. అధిక బరువు ఉన్న ఆడవాళ్లలో, ఎక్కువగా 35-50 ఏళ్ల మధ్య కనిపిస్తుంది. నొప్పి 3 నెలలకు మించి ఉండటం ప్రధాన లక్షణం. దీనికి రక్తపరీక్ష లేదు, స్కాన్ గుర్తు లేదు. మిగతావన్నీ కాదని తేల్చుకున్నాకే ఈ పేరు పెట్టాలి. అందుకే ఈ పేరు ఒంటికి బరువుందన్న ఒకే కారణంతో ముందే తగిలించినా పొరపాటే, బరువు తగ్గితే అంతా సర్దుకుంటుందని నొప్పిని కొట్టిపారేసినా పొరపాటే.

సెగ్గడ్డలు, సెగ్గడ్డల్లా కనిపించేవి

ఎండాకాలం వచ్చిందంటే ఉత్తరాంధ్రలో సెగ్గడ్డలకు మామిడిపండ్ల మీద నింద పడుతుంది. పండు చేసే పాపం పెద్దగా లేదు. చెమట, ఒరిపిడి, గోకుడు కలిసి చర్మం మీది సూక్ష్మమైన గాట్లలోకి స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాను పంపిస్తాయి. ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరి ముక్కులో అది ఏ హానీ చేయకుండా కాపురం ఉంటుంది. మామిడి రోజులూ ఉక్కపోత రోజులూ ఒకటే కావడంతో పండు దొరికిపోయింది, అంతే.

ఒకసారి వచ్చి పగిలి మానిపోయే సెగ్గడ్డకు పెద్ద విచారణ అక్కర్లేదు. పదేపదే వస్తుంటే ముందు చూడాల్సింది షుగర్. మెడ వెనక నాలుగైదు నోళ్లతో లేచే పెద్ద కురుపు మధుమేహం ఉన్నవాళ్లలోనే ఎక్కువ. దాన్ని పాతకాలంలో రాచపుండు అనేవారు, క్యాన్సర్‌కూ అదే మాట వాడారు. ఆ మాట వినగానే ఇంట్లోవాళ్లకు టెన్షన్ పట్టుకోవడానికి అదొక కారణం.

చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద మళ్లీమళ్లీ అదే చోట గడ్డలు లేచి, పగిలి, మచ్చలు పడి, చర్మం కింద సొరంగాల్లా ఏర్పడుతుంటే అవి సెగ్గడ్డలు కావు. హైడ్రాడెనైటిస్ సప్పురేటివా అనే దీర్ఘకాలిక వాపు వ్యాధి. వెంట్రుక కుదుళ్లు మూసుకుపోయి లోపల చిట్లడం దీని మూలం, శుభ్రత లేకపోవడం కాదు. పొగతాగడం, అధిక బరువు దీన్ని పెంచుతాయి. వివిధ దేశాల అధ్యయనాల్లో దీనికి సరైన పేరు పెట్టడానికి మొదటి లక్షణం నుంచి సగటున 7 ఏళ్లకు పైగా పట్టినట్టు తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. ప్రతిసారీ ఒక్కో గడ్డను కోసి చీము తీసి పంపిస్తారు, 'ఇది ఎన్నోసారి?' అన్న ప్రశ్న పడదు. చోటు కూడా నలుగురికీ చూపించుకునేది కాదు.

మరొకటి, నడిమధ్యలో నల్లటి చుక్క ఉండే గడ్డ. ఎపిడెర్మాయిడ్ సిస్ట్. ఏళ్ల తరబడి నొప్పి లేకుండా ఉండి, ఒకరోజు హఠాత్తుగా ఎర్రబడి భగ్గుమంటుంది. లోపలి సంచి చిట్లి, అందులోని కెరాటిన్ (చర్మం, గోళ్లలో ఉండే గట్టి ప్రొటీన్) బయటి కణజాలంలోకి కారినప్పుడు శరీరం దాన్ని శత్రువులా చూస్తుంది. అద్దం ముందు నిలబడి రెండు వేళ్లతో నొక్కడమే చాలాసార్లు ఆ సంచి చిట్లడానికి కారణం.

బెల్లడోనా పట్టీ, పసుపు పట్టు, ఆముదం రాసి వెచ్చజేసిన ఆకు కట్టడం ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. వేడి కాపడం చిన్న సెగ్గడ్డకు పనికొస్తుంది, అందులో తప్పు లేదు. ఇబ్బంది స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో. ఏ రకం వాపునైనా అది నాలుగు రోజులు అణిచిపెడుతుంది, ఇన్ఫెక్షన్‌ను లోలోపల పెంచగలదు, బయాప్సీ తీసే నాటికి గుర్తులు చెరిపేస్తుంది.

కాళ్ల మీద వచ్చిపోయే ఎర్ర గడ్డలు

మోకాలి కింద ఎముక ముందువైపు, రెండు కాళ్లకూ, ఎర్రగా వేడిగా ముట్టుకోనివ్వని గడ్డలు లేచి, మూడు నుంచి ఆరు వారాల్లో దెబ్బ తగిలిన కమిలింపులా రంగులు మారి, మచ్చ లేకుండా పోతే అది ఎరిథీమా నోడోసమ్ కావచ్చు. ఇది చర్మం కింది కొవ్వులో గదుల మధ్య ఉండే గోడల వాపు. ఇరవై నలభై ఏళ్ల మధ్య ఆడవాళ్లలో ఎక్కువ. అసలు కారణం కాలిలో ఉండదు. రెండు మూడు వారాల కిందట వచ్చిన గొంతునొప్పి, సల్ఫా మందులు, గర్భనిరోధక మాత్రలు, పేగుల వాపు వ్యాధి, ఊపిరితిత్తుల్లో వాపు కణాలు ముద్దకట్టే సార్కాయిడోసిస్, క్షయ వీటిలో ఏదైనా కావచ్చు. అందుకే కాలి నొప్పితో వెళ్లినవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే రాస్తారు. 'కాలికి నొప్పి అంటే ఊపిరితిత్తుల ఫొటో ఎందుకు' అని విసుక్కుని తీయించుకోనివాళ్లు ఉంటారు, ఆ ఎక్స్‌రే ఎందుకో ఎవరూ చెప్పకపోవడం వల్ల.

పిక్కల వెనకవైపు వచ్చి, మానకుండా పుండుపడి మచ్చ మిగిల్చేవి వేరు. క్షయతో వాటికి సంబంధం మరింత గట్టిది.

మన దేశంలో మరచిపోకూడని ఇంకో కారణం కుష్ఠు. 2005 డిసెంబరు నాటికి జాతీయ స్థాయిలో పదివేలమందికి ఒకరికన్నా తక్కువ స్థాయికి వచ్చిందని ప్రకటించాక జనం దృష్టిలో అది పోయిన జబ్బు అయిపోయింది. కానీ ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశానివే. కుష్ఠులో టైప్ 2 రియాక్షన్ అనే ఉద్రేక దశ ఉంది. జ్వరంతో పాటు ముఖం మీద, చేతుల మీద, తొడల మీద నొప్పి గడ్డలు గుంపులుగా లేస్తాయి. చచ్చిన బ్యాక్టీరియా శకలాల మీద శరీరం చేసే పోరు ఇది. కాబట్టి మందులు వాడుతున్నప్పుడే కాదు, కోర్సు పూర్తయ్యాక కూడా రావచ్చు. ఎప్పుడో వాడిన మందుల సంగతి రోగి చెప్పకపోతే, సిగ్గుతో దాస్తే, డాక్టరు మామూలు ఎరిథీమా నోడోసమ్ అనుకోవడానికి ఆస్కారం ఉంది. నరాలు దెబ్బతినకుండా ఆపాలంటే రోజుల్లో వైద్యం మొదలవ్వాలి.

హార్బరు పని, దోమలు, తిండి

ఉండే ఊరు, చేసే పని కూడా ఆధారాలే. ఫిషింగ్ హార్బరులో వలలు లాగేవాళ్లకు, చేపలు కోసేవాళ్లకు, రొయ్యలు ఒలిచేవాళ్లకు చేతికి ముల్లు గుచ్చుకోవడం రోజూ ఉండేదే. ఆ గాటులోంచి మైకోబ్యాక్టీరియం మారినమ్ అనే, క్షయ బ్యాక్టీరియాకు దూరపు చుట్టం ఒకటి లోపలికి పోగలదు. గుచ్చుకున్న రెండు మూడు వారాలకు వేలి మీద ఒక గడ్డ లేస్తుంది. అప్పటికి ముల్లు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆ తర్వాత మణికట్టు, ముంజేయి మీదుగా ఒకదాని వెనక ఒకటి వరుసగా గడ్డలు పైకి పాకుతాయి. ఇళ్లలో అక్వేరియం కడిగేవాళ్లకూ ఇదే వస్తుంది. మొక్కల ముళ్లతో వచ్చే స్పోరోట్రైకోసిస్ అనే ఫంగస్ కూడా అచ్చం ఇదే వరుస గీస్తుంది, కొండల్లో, తోటల్లో పనిచేసేవాళ్లను ఆ మాట అడగాలి.

మారినమ్‌లో చిక్కు ఏమిటంటే అది చల్లదనం కోరుకుంటుంది. 30-32 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, మనిషి ఒంటి వేడి దానికి ఎక్కువ. చేతుల మీద చల్లటి భాగాల్లోనే ఉండిపోవడానికి అదే కారణం. ల్యాబులో మామూలుగా 37 డిగ్రీల దగ్గర పెంచి చూస్తే 'ఏమీ పెరగలేదు' అని రిపోర్టు రావచ్చు. 'రోగి చేపల పని చేస్తాడు' అని పరీక్ష చీటీ మీద రాస్తే ల్యాబువాళ్లు ఉష్ణోగ్రత మారుస్తారు. ఆ మాట లేకపోతే కల్చర్ శుద్ధ దండగ.

దోమల లెక్క వేరు. కోస్తా ఆంధ్రలో బోదకాలు కొత్త మాట కాదు. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగులు, కణజాలంలోని నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే శోషరస నాళాల్లో కాపురం పెడతాయి. కాలు లావెక్కడానికి చాలా ఏళ్ల ముందే జ్వరం, చలి, గజ్జల్లో బిళ్ళ కట్టి నొప్పి, అక్కడి నుంచి కాలి కిందికి ఎర్రటి చార దిగడం జరగొచ్చు. కాలికి పుండు పడి గజ్జల్లో బిళ్ళ కట్టడం వేరు, అందులో చార సాధారణంగా పుండు నుంచి పైకి వెళుతుంది. పైనుంచి కిందికి దిగే చార ఫైలేరియా వైపు చూపిస్తుంది. రక్తంలో పురుగు పిల్లల్ని చూడాలంటే రాత్రి 10 నుంచి 2 మధ్య నమూనా తీయాలి, పగలు అవి చర్మం దగ్గరి రక్తనాళాల్లో దాదాపు కనిపించవు. పగలు చేయగల స్ట్రిప్ పరీక్షలు కూడా వచ్చాయి.

ఒంటి మీద బాదం గింజల్లాంటి గడ్డలు చాలా ఉండి, ఒకటో రెండో మాత్రం నొప్పెడుతూ, ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే సిస్టిసెర్కోసిస్ ఆలోచనలోకి రావాలి. పంది మాంసం తిననివాళ్లకు ఇది రాదని చాలామంది నమ్మకం. సరిగ్గా ఉడకని మాంసంతో పేగుల్లోకి బద్దెపురుగు వస్తుంది. కండలో, మెదడులో తిత్తులు కట్టేది మాత్రం ఆ పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు కడగని కూరల మీదుగానో చేతుల మీదుగానో నోట్లోకి పోయినప్పుడు. శాకాహారికీ రావచ్చు. లోపలి తిత్తి చనిపోయేటప్పుడు వచ్చే వాపే నొప్పికి కారణం.

పరీక్షలు ఏం చూస్తాయి, ఏం చూడవు

అల్ట్రాసౌండ్ మొదటి మెట్టు. గడ్డ నీళ్లదా, గట్టిదా, కొవ్వా, ఎంత లోతున ఉంది, రక్తప్రసరణ ఉందా అనేవి చెబుతుంది. ఎక్స్‌రేలో కనిపించని కర్రముక్క, ముల్లు కూడా దీనికి దొరుకుతాయి. రిపోర్టు కింద 'క్లినికల్ కోరిలేషన్' అనే మాట ఉంటే దాన్ని అలంకారం అనుకోవద్దు. బొమ్మను మనిషితో కలిపి చూడమని రేడియాలజిస్టు డాక్టరును అడుగుతున్నాడు. చాలాసార్లు ఆ రెండోసారి చూడటమే జరగదు.

ఎఫ్‌ఎన్‌ఏసీ, అంటే సన్నని సూదితో పీల్చే పరీక్ష, కణాలను ఇస్తుంది. ఇటుకలు చూపిస్తుంది గానీ గోడ ఎలా కట్టారో చూపించదు. మెడలో బిళ్ళలకు, క్షయ అనుమానానికి అది చక్కగా పనికొస్తుంది. కొవ్వు పొర వాపు జబ్బుల్లో మాత్రం 'వాపు కణాలు ఉన్నాయి' అనే దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడ కొవ్వు దాకా దిగే లోతైన బయాప్సీ కావాలి. పైపైన తీసిన చిన్న ముక్కలో కొవ్వే ఉండకపోతే రిపోర్టు ఉత్తదే.

చాలామందికి తెలియని చిన్న సంగతి సీసా దగ్గర ఉంది. తీసిన ముక్కను చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ అనే ద్రవంలో వేశాక అందులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, ఇక కల్చర్ కుదరదు. ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే ముక్కను రెండు చేసి, ఒకటి ఫార్మలిన్‌లో పాథాలజీకి, ఒకటి సెలైన్‌లో మైక్రోబయాలజీకి పంపాలి. రెండో సీసా పెట్టకపోతే మళ్లీ కోత తప్పదు.

నొప్పి లేని గడ్డ సంగతి

నొప్పి ఉన్నవాళ్లు పరిగెత్తుతారు, లేనివాళ్లు ఊరుకుంటారు. ప్రమాదం లెక్క దాదాపు దీనికి ఎదురు. మెత్తటి కణజాలంలో వచ్చే సార్కోమా క్యాన్సర్లు మొదట్లో ఎక్కువగా నొప్పి పెట్టవు. 5 సెంటీమీటర్లు దాటడం, నెలనెలా పెరగడం, కండరంలోకి లోతుగా ఉండటం, ఒకసారి తీశాక అక్కడే మళ్లీ రావడం అనుమానించాల్సిన గుర్తులు. నొప్పి ఉంది కాబట్టి క్యాన్సర్ కాదని తేల్చేయడమూ కుదరదు, నరాన్ని ఒత్తితే అదీ నొప్పెడుతుంది.

మామూలు కొవ్వు గడ్డ ముదిరి క్యాన్సర్ అవుతుందన్న భయానికి ఆధారం దాదాపు లేదు. లైపోసార్కోమా అనే కొవ్వు క్యాన్సర్ మొదటి నుంచీ వేరే జాతి. 'కత్తి పెడితే పాకుతుంది' అన్న భయం వల్ల బయాప్సీ వద్దనేవాళ్లు ఇంకా ఉన్నారు. జాగ్రత్తగా తీసిన సూది బయాప్సీతో పాకడం చాలా అరుదు. అసలు నష్టం ఇంకోచోట ఉంది. స్కాన్ లేకుండా, కొవ్వు గడ్డే కదా అని చిన్న క్లినిక్‌లో సగం తీసేస్తే, తర్వాత అది సార్కోమా అని తేలినప్పుడు రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా ఎంతో పెద్దదవుతుంది.

అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సినవి కొన్ని. ఎరుపు గంటగంటకూ పాకుతూ జ్వరం రావడం, కనిపించే వాపుకన్నా నొప్పి విపరీతంగా ఉండటం, నొక్కితే చర్మం కింద చిటపటలాడటం. దగ్గితే బయటికొచ్చే గజ్జల గడ్డ లోపలికి పోకుండా బిగుసుకుని వాంతులవుతుంటే అది హెర్నియా ఇరుక్కోవడం, రాత్రయినా ఆగకూడదు.

విశాఖలో ఎవరి దగ్గరకు, ఏం పట్టుకుని

గడ్డకు ఒకే డాక్టరు ఉండడు, అదే ఇబ్బంది. ఒంటరి గడ్డ అయితే జనరల్ సర్జరీ, ఎరుపుతో వచ్చిపోయేవైతే చర్మ విభాగం, జ్వరం, బరువు తగ్గడం ఉంటే జనరల్ మెడిసిన్. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఈ విభాగాలన్నీ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధ ఆసుపత్రి కావడంతో పాథాలజీ, మైక్రోబయాలజీ కూడా అందుబాటులో ఉంటాయి. హనుమంతవాక దగ్గర విమ్స్ (విశాఖ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్) ఉంది. క్యాన్సర్ అనుమానం బలంగా ఉంటే అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆపరేషన్ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి వస్తుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే వైద్యమిత్రను అడిగి తెలుసుకోవచ్చు.

బోధనాసుపత్రుల్లో యూనిట్ల పద్ధతి ఉంటుంది, ఒక్కో యూనిట్‌కు వారంలో ఓపీ రోజులు వేరు. సోమవారం చూసిన డాక్టరు కోసం గురువారం వెళితే ఇంకో యూనిట్ ఉంటుంది, కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఓపీ చీటీ మీద యూనిట్, వారం చూసుకుని అదే రోజు వెళ్లడం చిన్న పనే గానీ నెలలు ఆదా చేస్తుంది.

చేతిలో ఉండాల్సినవి పెద్దగా లేవు. గడ్డ ఎర్రగా ఉన్నరోజు రూపాయి బిళ్ళ పక్కన పెట్టి తీసిన ఫోన్ ఫొటో, ఎందుకంటే ఓపీ రోజుకు అది మాయం కావచ్చు. మొదటి గడ్డ వచ్చిన నెల. వాడిన మందుల స్ట్రిప్పులు, ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్ పేరు సహా. చేసే పని. నొప్పిని తెలుగులోనే, సలపరమా మంటా జివ్వా అన్నది.

గడ్డ తీసేశాక దాన్ని ల్యాబుకు పంపారా అని అడగాలి. మామూలు కొవ్వే అనిపించినా పంపడమే పద్ధతి. ల్యాబులో ఆ ముక్కను మైనంలో పోసి బ్లాకుగా చేస్తారు, సన్నని పొరలు కోసి స్లైడ్లు చేశాక కూడా బ్లాకు మిగిలి ఉంటుంది. రిపోర్టుకూ నొప్పికీ పొంతన కుదరకపోతే రోగిని మళ్లీ కోయాల్సిన పని లేదు. రిపోర్టు మీది నంబరు చెప్పి స్లైడ్లు, బ్లాకు తీసుకుని ఇంకో పాథాలజిస్టుకు చూపించవచ్చు.